మామ వేలాడదీసిన హాజరు పట్టీ

మా పక్కింటి మామ పోయారని సోమవారం పొద్దున అమ్మ చెప్పేటప్పటికి నేను కొత్త నెల హాజరు పట్టీలో గీతలు గీస్తున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. మొదటి వరుసలో ఆయన పేరు అప్పటికే రాసేశాను.

ఆ పట్టీ బడిది కాదు. ఫోన్‌లో ఆర్డరిచ్చిన భోజనాన్ని కావలిలో బండ్ల మీద ఇళ్లకు చేర్చేవాళ్లది. మామ యాభై దాటాక ఆ పనిలో చేరారు. అంతకుముందు సముద్రం ఒడ్డున చేపలకు ఐసు చేసే ఫ్యాక్టరీలో ఉండేవారు. అక్కడ యంత్రంలో పడి ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి. పరిహారం అడిగితే, పనిచేసినట్టు కాగితం చూపించమన్నారట.

"వేళ్లు పోయినందుక్కాదమ్మా. పన్నెండేళ్లు నేనాడ లేనట్టే మాట్లాడినారే, అదీ బాధ" అనేవారు.

అందుకే ఒక హాజరు పట్టీ కొని, ఆర్డర్ల కోసం అందరూ ఎదురుచూసే టీ కొట్టులో మేకుకు వేలాడదీశారు. పెన్నుకు దారం కట్టారు. తన రాత కోడి గెలికినట్టుంటుందని, పేర్లు రాసే పని డిగ్రీ చదివే నాకు అప్పగించారు. కథలూ కవితలూ రాయాలని ఉబలాటపడే నాకు, గడిలో రాసిన ఒక పేరుకు ఎంత బరువుంటుందో అక్కడే తెలిసింది.

మొదట్లో అందరూ నవ్వారు. ఒకతను సంతకమే పెట్టనన్నాడు.

"ఏంది మామా, మనకు మనమే ఓనర్లం. ఇష్టమైతే ఫోన్ ఆన్ చేస్తాం, లేదంటే పడుకుంటాం."

"అట్నా అబ్బయా? రేపు వరసగా నాలుగు ఆర్డర్లు వద్దను. ఎల్లుండి నీ ఫోన్ మోగుద్దేమో చూద్దాం. చొక్కా కంపెనీవోళ్లది, రేటు వాళ్లది, పడితే కాలు మటుకు నీది. వేళలు మన ఇష్టంగానే ఉండనీ, పనోళ్లమని ఒప్పుకుంటే చాలు!"

వానల్లో బండి జారి అతని కాలు విరిగింది. అడిగేవాళ్లు లేరు. రెండు నెలల తర్వాత కుంటుకుంటూ వచ్చి పెన్ను అందుకోబోయాడు. మామ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. "ముందు టీ తాగు. పట్టీ యాడికీ పోదు" అన్నారు.

బండ్లవాళ్లంతా కలిసి, తమను ఉద్యోగులుగా గుర్తించమని కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వాల్సింది మామ పోయిన వారమే, గురువారం. మామ లేకుండానే వెళ్లాం. పాత పట్టీలన్నీ పట్టుకెళ్లాం. అధికారి ఒక్కో పేజీ తిప్పి చూశారు.

"తేల్చేది నేను కాదు, పైకి రాస్తాను. వీటికి జిరాక్సులు తీసివ్వండి, ఫైల్లో పెడతాను."

ఆ మాటకే మావాళ్లు జిరాక్సు షాపుకు పరుగుతీశారు.

నిన్న టీ కొట్టులో కొత్త పట్టీ తగిలిస్తూ, మొదటి పేరు కొట్టేయాలా అని అడిగాను.

"మామ పేరు తీసేయబాకమ్మా" అన్నాడు కాలు విరిగినతను. ఆ కింది వరుసలో సంతకం పెట్టి బండి తీశాడు. అతను వదిలేసిన పెన్ను దారం చివర, మామ పేరు పక్కనున్న ఖాళీ గడి మీద ఇంకా ఊగుతూనే ఉంది.