సురంగల్ అత్తరు పరీక్షలో బర్రె అభిప్రాయం

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఫిబ్రవరిలో నన్ను మొయినాబాద్ మండలం సురంగల్‌కు పరీక్ష డ్యూటీ మీద పంపారు. హైదరాబాద్‌లోని ఒక పరిమళ ద్రవ్యాల కంపెనీలో నేనప్పుడు ఎవాల్యుయేటర్‌ని. ఈ ఉద్యోగం ఒకటుందని పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ నమ్మలేదు కాబట్టి కాస్త వివరిస్తాను. అత్తరు చేసేవాళ్ళు వంటవాళ్ళనుకుంటే, మేము రుచి చూసి ఉప్పు తగ్గిందని చెప్పేవాళ్ళం. నా కింద ట్రైనీ, పైన సీనియర్ ఎవాల్యుయేటర్. ట్రైనీ సీసాలు కడుగుతాడు, నేను వాసన చూస్తాను, సీనియర్ మేడమ్ మా ఇద్దరినీ అనుమానంగా చూస్తారు. ఇందులో రిటైర్మెంటు వయసును బట్టి రాదు, ముక్కును బట్టి వస్తుంది. నాకు ముప్పై రెండో యేట సైనస్ ఆపరేషన్‌తో వచ్చేసింది. వీడ్కోలు సభలో గులాబీల దండ వేశారు. దాని వాసన నాకు తెలియలేదని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను సమోసా తిన్నాను. సమోసా బాగుంది.

సురంగల్ సంగతికి వస్తాను. పెద్ద ఫ్యాక్టరీల నూనెలు కాకుండా, ఇంటిపట్టున సొంతంగా అత్తరు చేసేవాళ్ళ సరుకు కొని అమ్మాలని కంపెనీ ఆ యేడు నిర్ణయించింది. అలా శాంపిళ్ళు పంపినవాళ్ళలో మంజుల ఒకరు, ఆమెవి మూడు. వాళ్ళకు గులాబీ తోట ఉంది. ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్‌లో పెరిగే పొడుగు కాడల గులాబీలకు వాసన ఉండదు, అవి ఫొటోలకు పనికొస్తాయి. తోట మూలన మిగిలిన నాటు గులాబీలను మంజుల రేకుల షెడ్డులో రాగి డేగిసాలో ఉడికించి, ఆవిరిని చందనం నూనెలోకి దించేది. మూడేళ్ళుగా అదే పని.

ఆ షెడ్డు మామగారు జంగారెడ్డిది. ఆయన ఒకప్పుడు సర్పంచు. పదవి పోయి చాలా కాలమైనా ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఊరి బయట ఫామ్‌హౌసుల్లో ఫంక్షన్లు చేయించే ఒకతను, కుర్చీలూ టెంట్లూ పెట్టుకోవడానికి షెడ్డు కిరాయికి అడిగాడు. జంగారెడ్డి కోడలితో తేల్చి చెప్పారట: "నీ అత్తరుకు వాసన వస్తది బిడ్డా, కుర్చీలకు కిరాయి వస్తది. ఉగాది దాకా చూస్త. ఆ కంపెనీ తీసుకుంటె సరే, లేకుంటె కుర్చీలొస్తయి."

నేను దిగిన పొద్దున్నే మంజుల ఈ ముక్క చెప్పింది. "అన్నా, మూడిట్ల ఒక్కటన్న పాసైతదా?"

పరీక్ష మధ్యలో తయారీదారుతో ఫలితం మాట్లాడకూడదని మాకు నియమం. కాబట్టి గంభీరంగా తల ఊపాను. ఏమీ తెలియనప్పుడు గంభీరంగా తల ఊపడం కూడా ట్రైనింగ్‌లో భాగమే.

మా పరీక్ష మూడు దశల్లో సాగుతుంది. మొదట బ్లాటర్ మీద, అంటే వాసన పట్టే సన్నటి కాగితం పట్టీ మీద చూస్తాం. తర్వాత ముంజేతి మీద. ఈ రెండూ ఆఫీసులో, ఏసీలో జరిగిపోతాయి. మూడోది వేర్ టెస్ట్. మామూలు జనం శాంపిల్ పూసుకుని రోజంతా తమ పని తాము చేసుకుంటారు. ఎంతసేపు నిలిచింది, ఎలా మారింది, నచ్చిందా లేదా అని సాయంత్రం ఫారం నింపుతారు. తయారీదారు కుటుంబంలోవాళ్ళు పూసుకోకూడదు. ఆ పొద్దున వాసన సబ్బు, పౌడరు, తలనూనె వాడకూడదు. ఈ చివరి నియమం విన్న ఊరివాళ్ళు, నేను వాళ్ళను బట్టలు లేకుండా బజారుకు పొమ్మన్నట్టు చూశారు.

ఆ మూడు శాంపిళ్ళలో మొదటిది చందనంలో దించిన వట్టి గులాబీ. రెండోది, పట్నం వాళ్ళకు నచ్చాలని మంజుల కొనుక్కొచ్చిన మస్క్, అంటే కస్తూరి వాసన, కలిపింది. అది ఆఫీసులో మా అందరికీ తెగ నచ్చింది. సీనియర్ మేడమ్ బ్లాటర్ వాసన చూసి కనుబొమ్మ ఎత్తారు, మా దగ్గర అది చప్పట్లతో సమానం. మూడోది గులాబీతో వట్టివేళ్ళు, కాల్చిన మట్టి అత్తరు కలిపింది. అది మాకు మామూలుగా అనిపించింది. మంజుల ఆశంతా రెండోదాని మీదే.

పూసుకునేవాళ్ళలో ఇద్దరి పేర్లు చెప్తే చాలు. ఒకరు పక్కింటి లచ్చవ్వ. ఒక బర్రె, నాలుగిళ్ళకు రోజూ పాలు పోసే వాడిక, పదిళ్ళకు సరిపడా నోరు ఆమె ఆస్తి. రెండోవాడు యాదగిరి, చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా ఆటో నడుపుతాడు.

మొదటి రోజు మొదటి శాంపిల్. గులాబీ మధ్యాహ్నానికల్లా సెలవు తీసుకుంది. ఎవరికీ బాధ లేదు, గుర్తూ లేదు.

రెండో రోజు పొద్దున మస్క్ శాంపిల్‌కు ఊరంతా మెచ్చుకోలే. లచ్చవ్వ మణికట్టు పదేపదే ముక్కుకు ఆనించుకుని, "గీ వయసుల నాకు పెండ్లికళ వచ్చె" అంది. యాదగిరి ఆటో అద్దంలో తనను తాను చూసుకుని మీసం దువ్వాడు. ఫారాలు తీసుకుని నేను చేవెళ్ళలో కిరాయి గదికి వెళ్ళి పడుకుందామనుకుంటుండగా, సాయంత్రం పాల వేళకు లచ్చవ్వ కేక వీధి మొత్తం వినపడింది.

"ఓ అత్తరు కొడుకా! ఇటు రారా!"

వెళ్ళాను. బకెట్టు ఒక మూల, లచ్చవ్వ ఒక మూల. బర్రె నడుమ నిలబడి మెడ తిప్పి ఆమెను పరాయి మనిషిని చూసినట్టు చూస్తోంది. దూడను విడిచారు, దాణా పెట్టారు, పొదుగు కడిగారు. పాలు చేపనే లేదు. చేపడమంటే పాలు చన్నుల్లోకి వదలడం. అది బర్రె ఇష్టం, మనం బలవంతం చేసేది కాదు.

"పొద్దున సేపింది, ఇప్పుడు తన్నింది. నన్ను గుర్తువడుతలేదు. వాడికోల్లకు ఏమియ్యాలె? పాలు రాకుంటె నువ్వొచ్చి పిండుతవా?"

ఆ పని మా ఉద్యోగ నిబంధనల్లో లేదని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. చివరికి లచ్చవ్వ కోడలు స్నానం చేసి వచ్చి కూర్చుంటే, బర్రె దయతలచి సగం పాలిచ్చింది.

ఈలోగా జంగారెడ్డి వచ్చి, అవసరం లేకపోయినా విచారణ మొదలుపెట్టారు. జనం చేరారు. దిష్టి అని ఒకరు, కెమికల్ అని ఒకరు. అత్తరు వల్ల ఊళ్ళో పాడి మొత్తం పోతుందని ఇంకొకరు, ఆయనకు కోడి కూడా లేదు. జంగారెడ్డి కోడలి వైపు తిరిగి, "కుర్చీలు ఎవల్నీ తన్నయి బిడ్డా" అన్నారు. మంజుల షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను సీనియర్ మేడమ్‌కు ఫోన్ చేశాను. రిపోర్టు చేయడం నా విధి, నవ్వకపోవడం ఆమె విధి.

"బర్రెతో ఫారం నింపించారా?" అన్నారు.

"లేదు మేడమ్. వయసు దగ్గర ఆగిపోయాం."

"లచ్చవ్వగారి ఫారంలో ఏముంది?"

తీసి చూశాను. ‘మధ్యాహ్నానికే వాసన పోయింది’ అని ఉంది. యాదగిరి ఫారంలోనూ అదే మాట. మేడమ్ గొంతు మారింది. "పోతే బర్రెకెలా తెలిసింది? వెళ్ళి వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళను అడగండి."

యాదగిరి ఇంటికి వెళ్ళేసరికి అతను అరుగు మీద ఉన్నాడు. భార్య సునీత గడపలో ఉంది. ఇద్దరి మధ్యా తలుపు సగం మూసి ఉంది.

"చెప్పన్నా, జర నువ్వన్న చెప్పు" అన్నాడు యాదగిరి, మీసం దిగులుగా వేలాడుతుండగా. "కంపెనీ అత్తరంటె నమ్ముతలేదు."

"గేటు కాడనే తెలిసింది నాకు" అంది సునీత. "ఎవల్ని ఎక్కించుకున్నవు అంటె, వాసనే లేదంటడు. లేదంటాండంటె అబద్ధమే కదా?"

అతను అబద్ధం ఆడలేదు. అతని ముక్కు ఆ వాసనకు అలవాటుపడి, దాన్ని లెక్కలోంచి తీసేసింది. పైన ఉన్న గులాబీ ఎగిరిపోయి, అడుగున మస్క్ ఒక్కటే చెమటతో కలిసి పెరుగుతూ పోయింది. అది అతనికి తప్ప అందరికీ తెలుస్తోంది. నేను గుర్తింపు కార్డు చూపించి ఈ శాస్త్రమంతా వివరించాక తలుపు ఇంకో జానెడు తెరుచుకుంది.

మిగతా ఇళ్ళల్లోనూ తిరిగాను. ఒకావిడ మామకు తల నొప్పి పుట్టిందట. ఒకతని పిల్ల ఒళ్ళోకి రానందట.

మర్నాడు మూడో శాంపిల్. మంజుల నా దారికి అడ్డం నిలబడింది. "వద్దన్నా, ఆపెయ్. ఇది గూడ బర్రె తంతె ఇంక నాకు షెడ్డు లేదు. ఒక్కటే ఫెయిలైందని రాస్కొని పో."

ఆపడానికి నాకు అధికారం లేదు. ఆ మాటే చెప్పాను, ఈసారి తల ఊపకుండా. లచ్చవ్వ మాత్రం షరతు పెట్టింది. బర్రె అలిగితే అందరి ముందు నేనే కాళ్ళు పట్టుకుని బతిమాలాలట. ఎవరి కాళ్ళని అడిగాను. "బర్రెయి. నాయి ఎందుకురా?" అంది.

సాయంత్రానికి లచ్చవ్వ కొట్టం ముందు గ్రామసభకు రానంత మంది వచ్చారు. జంగారెడ్డి అందరినీ కూర్చోబెట్టడానికి కుర్చీలు తెప్పిద్దామా అన్నారు, కోడలి మొహం చూసి మానుకున్నారు. లచ్చవ్వ బకెట్టు పట్టుకుని దగ్గరికి వెళ్ళింది. బర్రె ఆమె మణికట్టు వాసన చూసింది. తీరుబడిగా రెండోసారి చూసింది. మా మేడమ్ కూడా అంత సేపు తీసుకోరు. తర్వాత చెయ్యి ఒకసారి నాకి, గడ్డి మీదికి మూతి తిప్పేసింది. బకెట్టులో పాలధార చప్పుడు మొదలైంది.

ఎవరో ఈల వేశారు. "ఈలలెయ్యకుండ్రి, మల్ల ఆపుతది!" అని జంగారెడ్డి గద్దించారు. మంజుల పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, లేదా ఏడుస్తోంది. దగ్గరికి వెళ్ళి చూశాను, నవ్వే.

బర్రె మాట మీద సరుకు కొనమని కంపెనీకి రాయలేను కదా. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి సునీత తలుపు బార్లా తెరిచి ఉంది. యాదగిరి లోపల అన్నం తింటున్నాడు.

"ఇయ్యాల ఎట్లున్నడమ్మా?"

ఆమె ఆలోచించింది. "మా ఆయన లెక్కనే ఉన్నడు. జర మంచిగున్నడు."

ఇంతకంటే మంచి మాట నా ఉద్యోగంలో ఏ పెర్ఫ్యూమ్ గురించీ నేను వినలేదు. దాన్నే రిపోర్టు మొదటి వాక్యంగా పంపాను. రెండు రోజుల తర్వాత మేడమ్ ఫోన్ చేసి, మూడో శాంపిల్ తీసుకుంటున్నామని, మస్క్ వద్దని చెప్పారు. మంజుల లచ్చవ్వ బర్రెకు ఒక బస్తా దాణా పంపింది. లచ్చవ్వ పుచ్చుకుని, "నాకేది? మొత్తం పరీక్ష బర్రెనే రాసిందా?" అని ఒక సీసా కూడా వసూలు చేసింది.

షెడ్డు కోసం వచ్చిన ఫంక్షన్లతన్ని జంగారెడ్డి గేటు దగ్గరే తిప్పి పంపారు. "కుర్చీలు ఎండల పెట్టినా ఏం గాదు. అత్తరు ఎండల ఉంటదా? జర తెలివుండాలె" అన్నారు, మూడేళ్ళుగా తానే డేగిసా కింద మంట పెడుతున్నట్టు.

పూసుకున్నవాళ్ళ ముక్కు కొద్దిసేపట్లోనే ఆ వాసనకు మొద్దుబారుతుందని ట్రైనింగ్ మొదటి వారంలోనే మాకు చెప్తారు. అయినా సాయంత్రం దాకా వాళ్ళనే అడిగేవాళ్ళం. సురంగల్ తర్వాత మా ఫారానికి రెండో పేజీ చేర్చారు. అది పూసుకున్నవాళ్ళకు ఇవ్వరు, వాళ్ళ పక్కన బతికేవాళ్ళకు ఇస్తారు. నేను మానేసే దాకా రెండు పేజీలూ తేడాగా వచ్చినప్పుడల్లా రెండో పేజీనే నమ్మాను.