వంటింటి నేలలో తడి మచ్చ

తాక్ గిచున్ జీవితమంతా మా జేచన్ పట్టణంలోనే కరెంటు పని చేసినవాడు. గోడలో తీగ వేయడం ఆయనకు ఆటవంటిది. నేలలో వేయడమంటే మాత్రం గుండె దడ. మా ఇళ్లలో నేలకింద వేడినీటి గొట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి. వాటిలో ఒక్కదానికి ఉలి తగిలినా చలికాలం నడుమ నేలంతా పగలగొట్టవలసిందే. అందుచేత ఆయన ముందుగా మేజోళ్లు విప్పి, ఉత్తకాళ్లతో గదంతా తిరిగి వేడి ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకొని, తరువాతనే పనిముట్ల సంచి తెరిచేవాడు.

అటువంటివానికి ఆ పని అత్తవారింటనే పడింది. ఆయన భార్యకు అక్క అయిన బోంగ్జా, తల్లిని దగ్గర ఉంచుకొని మా పక్కింట కాపురముండేది. ముసలావిడ గ్యాసుపొయ్యి వెలిగించి మరచిపోతూ ఉండడంచేత, దానిని తీయించి, వంటగది నడుమ కరెంటు పొయ్యి పెట్టించాలని నిశ్చయించారు. దానికి తీగ నేలలోగుండా, వేడిగొట్టాలకు అడుగుగా పోవాలి. గొట్టాలను ఆనుకొని పోతే వేడికి చెడిపోతుంది.

గిచున్ గొట్టాలకు వేడినీరు పంపే బాయిలరు వెలిగించి, నేలమీద పరిచిన ప్లాస్టిక్ షీటు కొంతమేర ఎత్తి, తడిపిన వార్తాపత్రికలు పరిచాడు. గొట్టం ఉన్నచోట కాగితం ముందుగా ఆరి తెల్లని చారలు తేలాయి. ఆ చారల వెంబడి సుద్దతో గీసుకొన్నాడు.

"ఏం మరిదీ, ఆ పేపర్లు పరిచావా, చదువుతున్నావా? పొద్దుట్నుంచీ వాటిమీదే వంగి ఉన్నావు!" అంది బోంగ్జా.

"నీ నేల జాతకం చదువుతున్నా వదినా. మధ్యలో కదిలిస్తే గ్రహాలు తప్పుతాయి."

బాయిలరు ఆర్పి, చారల నడుమ చిన్న ఉలితో సన్నని కాలువ తవ్వాడు. గొట్టం అడ్డమైనచోట ఉలి పక్కన పెట్టి, చెంచా కాడతో దాని అడుగున గుల్ల చేసి, తీగ ఉన్న తొడుగును కిందినుంచి దూర్చి, రెంటికీ నడుమ వేడి దిగకుండ థర్మోకోల్ అట్ట పెట్టి, సిమెంటుతో పూడ్చాడు.

సిమెంటు గట్టిపడేదాకా బాయిలరు వెలిగించరాదు. వేడి నేల లేనిదే ముసలావిడ మోకాళ్లు బిగుసుకొనిపోయి లేవలేదు గనుక, ఆ నాళ్లు ఆవిడను మా ఇంట పడుకోబెట్టాము. తిరిగి బాయిలరు వెలిగించిన ఉదయమే ఆవిడ తన గదికి చేరింది. మరునాడు శీతకాలానికి సరిపడా కిమ్చి అనే క్యాబేజీ ఊరగాయ పెట్టుకోవాలి. వంటగది మూల పెద్ద రబ్బరు తొట్టిలో క్యాబేజీలు ఉప్పునీట ఊరుతున్నాయి. ముల్లంగి తరగడానికి నేనూ వెళ్లి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి కొత్త సిమెంటు పక్కన అరచేయంత తడి మచ్చ కనబడింది. చూస్తూండగానే అది పెద్దదయింది. గిచున్ దాని పక్కన వంగి చూశాడు.

"వదినా, బాయిలర్ ఆపెయ్. గొట్టం పోయింది. నా ఉలే తగిలుంటుంది."

"అయ్యో, అమ్మ ఇవాళేగా వచ్చింది! బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"నేలంతా ఎత్తాలి. మంచు పడేలోగా అవుతుందో లేదో చెప్పలేను."

లోపలిగదినుంచి ముసలావిడ కేక వేసింది. "అల్లుడూ! నన్ను మళ్లీ పక్కింటికి తోలుతున్నావా? ఆ గురకల్లో నేను పడుకోలేను బాబూ!"

ఆ గురకలు మావే అయినా, ఆ వేళ నవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. గిచున్ సుత్తి తీసుకొన్నాడు. బోంగ్జా వంగి ఆ తడిని వేలితో రాసి చూసింది. ఉదయంనుంచీ క్యాబేజీలకు ఉప్పు పట్టినదీ లేనిదీ తెలుసుకోవడానికి నీరు నాలుకకు తాకించుకొంటూ ఉన్న చేయి కదా, ఆ వేలు తనంత తానే నోటికి పోయింది.

"మరిదీ, సుత్తి దించు. ఇది ఉప్పగా ఉంది."

"నీ కన్నీళ్లేమో."

"నీ మొహం! నువ్వే నాకి చూడు."

ఆయన బోర్లా పడుకొని నిజంగానే నాకి చూశాడు. బాయిలరు నీటిలో ఉప్పెక్కడిది? ముగ్గురమూ పట్టి మిగిలిన ప్లాస్టిక్ షీటు ఎత్తితే, దాని అడుగున తడి దారి తిన్నగా తొట్టిదాకా పోయింది. తొట్టి అడుగు చీలి ఉంది.

"చూశావా, నీ తొట్టి వదినా! నీ తొట్టి! నా ఉలి కాదు!"

"వీధికంతా వినబడాలా? వెళ్లి కొత్తది కొనుక్కురా."

"నేనెందుకు?"

"నా గుండె ఆగేట్టు చేసినందుకు."

కొత్త తొట్టి వచ్చింది. నేల కడిగి తుడిచి, బాయిలరు మళ్లీ వెలిగించారు. తొడుగులోనికి చుక్కైనా దిగలేదని గిచున్ పరికరం పెట్టి చూసుకొని, పొయ్యికి కరెంటు ఇచ్చాడు. బార్లీ నీళ్లు మరగసాగాయి. సిమెంటుమీద చేయి ఆనించి వేడి చూస్తానని ఒరిగినవాడు, అక్కడే చెంప ఆనించి నిద్రపోయాడు.

క్యాబేజీల బుట్టతో ఆయనను దాటలేక బోంగ్జా విసుక్కొంది. "నట్టింట్లో దుంగలా పడ్డాడు! అమ్మా, లేపెయ్యనా?"

"లేపకే," అంది ముసలావిడ, తలుపు దగ్గరకు తానే లేచి వచ్చి. "బుట్ట ఇటివ్వు, నేను అందుకుంటా."