అమ్మ పట్టిన దమ్ముల లెక్క

నేను ఒకటి చూస్తే పది చెబుతానని మా ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. అదీ తప్పే, పన్నెండు చెబుతాను. కాబట్టి 1960ల్లో మా బాపు బొటనవేలికి లేచిన గోరుచుట్టు గుమ్మడికాయంత ఉండేదంటే, మీరే కొంత తగ్గించుకోండి.

పోచంపల్లి నేతగానికి ఆ వేలే ఆస్తి. అది ముడి వేస్తేనే నూలు మీద రంగు ఆగాల్సిన చోట ఆగుతుంది, చీర మీద పువ్వు పూస్తుంది. చీము ఎముకకు పాకితే వేలు పోతుందన్నారు. నేను అప్పుడే నల్లగొండలో గుమాస్తాగా చేరాను. బాపును, అమ్మను అక్కడి ఒక చిన్న దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు చెప్పాడు: “ముందుగాల నొప్పి తగ్గే సూది, పెథిడిన్. తర్వాత నరంల నిద్ర సూది. మొదటిది ఇస్తె రెండోది జరంత సాలు, పొద్దుగూకేసరికి ఇంటికి పోవచ్చు. అయితే రెండు గలిస్తె దమ్ము, గదే ఊపిరి, మెల్లగైతది. కోత అయినంక గూడ కనిపెట్టి ఉండాలె.”

నొప్పి సూదికి బాపు నవాబైపోయాడు. కంపౌండరుకు మగ్గం రాసిచ్చాడు, నర్సమ్మకు ఏడు పట్టుచీరలు ప్రకటించాడు. ఎనిమిదో చీర అంచు రంగు చెబుతుండగా నిద్ర సూది పడింది.

చీము తీసి, కట్టు కట్టి, మంచం మీద పడుకోబెట్టారు. నర్సమ్మ పక్క గదికి పోతూ గోడ గడియారం చూపింది: “నిమిషానికి పది దమ్ములకు తగ్గితె పిలువున్రి.”

అమ్మకు గడియారం చూడడం రాదు. కానీ నూలు చుట్టే ఆసు మీద వేల పోగులు తప్పకుండా లెక్కపెట్టే మనిషి. తన దమ్మునే కొలత చేసుకుంది. కాసేపటికి నా మోచేయి పట్టుకుంది.

“నేను మూడు దీసేదాంక ఈయన ఒక్కటే దీస్తుండు. ఉరుకు కొడుకా!”

ఉరికాను. హైదరాబాదు బస్సు కూడా నా వెనకే ఉండిపోయింది. డాక్టరు వచ్చి బాపు గడ్డం పైకెత్తి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, చెవిలో అరిచాడు: “పెద్దయ్యా, దమ్ము తీస్కో!”

బాపు బుద్ధిగా తీసుకున్నాడు, ఆగిపోయాడు. చెబితేనే తీస్తున్నాడు. ఇక ఆ పని అమ్మ అందుకుంది. “దియ్యయ్యా! ఇంకోటి దియ్యి!” పావుగంట సేపు ఒక్కటీ వదలలేదు.

చివరికి బాపు కన్ను తెరిచాడు. “పెండ్లైన కాడికెల్లి గిదే లొల్లి. మనిషిని దమ్ము దీయనియ్యది.”

“గిప్పుడు దియ్యమంటెనే గదా దీస్తున్నవు!” అంది అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

డాక్టరు కట్టుతోనే వేలు కదిలించమన్నాడు. కొద్దిగా వంగింది. అమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి బాపు తూలకుండా నడిచి బస్సెక్కాడు. నెల దాటాక మళ్లీ నూలుకు ముళ్లు వేశాడు.

ఇందులో నేను కల్పించింది ఉరకడం. నా కాళ్లు అసలు కదలలేదు. బాపు చెయ్యి వదలకుండా అమ్మే గట్టిగా పిలిచింది. డాక్టరు ఉరికి వచ్చాడు.