మాహూర్ దారిలో మూతపడని డిక్కీ

నాందేడ్ నుంచి మాహూర్‌కు సొంత బండిలో వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు మా అత్తమ్మ మొక్కు సంగతి చెప్పాలి. పోయిన వానాకాలం భోకర్ దగ్గర కారు పల్టీ కొట్టి నా కుడిచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు, నెలల తరబడి స్టీరింగ్ ముట్టుకోలేదు. అత్తమ్మ నన్ను మాటమాత్రం అడక్కుండా, "నా కోడలు తనే బండి నడిపి నన్ను తీస్కస్తే నీకు ఒడిబియ్యం పోస్త తల్లీ" అని మాహూర్ రేణుకమ్మకు మొక్కేసింది. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసినట్టే మా వైపు అమ్మవారికీ పోస్తాం. మొక్కు ఆమెది, నడపాల్సింది నేను! వాయిదాలు వేసి వేసి, మొన్న శుక్రవారం ఇద్దరమే బయల్దేరాం.

ఇంకా తెల్లవారలేదు. డిక్కీలో పాత దుప్పటి పరిచి, దాని మీద బియ్యం సంచీ, పట్టుచీర, కొబ్బరికాయలు సర్ది అత్తమ్మ పక్కకు జరిగింది. మూత వేశాను, పడలేదు. ఇంకాస్త గట్టిగా వేశాను, మళ్లీ లేచింది. సామాను జరుపుదామని చెయ్యి పెట్టబోతే ఆమె గయ్యిమంది. "ముట్టకు! తానం చేసి సదిరిన, దేవుని సామాన్ అది." సరే, నాకు తెలిసిన విద్య ఒకటుంది. మూత రెండు మూలలా రబ్బరు బుడిపెలుంటాయి, వాటిని లోపలికి తిప్పితే మూత ఇంకొంచెం కిందికి దిగుతుంది. రెండూ తిప్పి, ఒంటి బరువంతా వేసి నొక్కాను. చిన్నగా 'టిక్' అంది. పడిందనుకున్నాను.

భోకర్‌లో ఆగి చాయ్ తాగాం, రెండు కప్పులకు ఇరవై. కారు పల్టీ కొట్టిన ఆ మలుపు దగ్గర బండిని నడక వేగానికి తగ్గించేశాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. హిమాయత్‌నగర్ దాటాక రోడ్డు అక్కడక్కడా పాడైంది, నెమ్మదిగా పోవాలి. ఇస్లాపూర్ దగ్గర డిక్కీ గడగడలాడుతుంటే దిగి, బుడిపెలను ఇంకో చుట్టు తిప్పి మళ్లీ నొక్కాను. "ఊకె ఎందుకు పరేషానైతవ్? దానికేం కాదు" అంది అత్తమ్మ. అంత ధీమా ఎక్కడిదో అప్పుడు నాకు తెలియదు.

కిన్వట్ దాటి అడవి దారిలో పోతుంటే ఒక మోటారు సైకిలాయన పక్కకొచ్చి చేతులూపాడు. "తాయీ, డిక్కీ ఉఘడీ ఆహే!" డిక్కీ తెరుచుకుందట. అద్దంలోకి చూస్తే వెనక రోడ్డు లేదు, లేచి నిలబడ్డ మూత ఒక్కటే ఉంది. బ్రేకు ఎలా వేశానో, బండిని పక్కకు ఎలా తీశానో ఇప్పటికీ గుర్తు లేదు. దిగి చూస్తే చీర, కొబ్బరికాయలు ఉన్నాయి. సంచీ లేదు. కనుచూపు మేర రోడ్డు మీద బియ్యం తెల్లగా గీతలా పరుచుకుని ఉంది, లారీలు దాని మీదుగానే పోతున్నాయి.

అత్తమ్మ రోడ్డు పక్క కంకర మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. "ఒడిబియ్యం నేలపాలైనయి" అంది. నాకు ఇక నడపలేననిపించింది. అంతలో దుప్పటి జారిన చోట, తాళం పట్టుకునే ఇనుప కొండీకి చుట్టిన పసుపు గుడ్డ కనబడింది. గట్టి ముడి, లోపల రూపాయి బిళ్లలు. ముడుపు!

"అత్తమ్మా, ఇదెవరు కట్టిండ్రు?"

"నేనే. బండికి రక్ష ఉండాలె గద! ముందట కడితె నీకు నామోషి. ఎనుక గిదొక్కటే గట్టిగ దొరికింది."

ఏ ఆపదా రాకూడదని కట్టిన ముడుపే తాళానికి అడ్డం పడింది! కోపంతో ఒళ్లు మండిపోయింది, ఆమె ముఖం చూసేసరికి అంతా చప్పున చల్లారింది. విప్పుదామంటే, అమ్మవారి ముందు తప్ప ముడుపు విప్పకూడదట. ఆ ముడిని మెల్లగా జరిపి, కొండీ పక్క కడ్డీ అడుక్కి, తాళానికి తగలని చోటికి దించాను. బుడిపెలను మళ్లీ పాత ఎత్తుకు తిప్పాను. ఒక్క చేత్తో వేస్తే 'ఠక్'మని పడింది.

మళ్లీ స్టీరింగ్ పట్టి సర్ఖని దాకా వచ్చి ఆగితే, అక్కడ చాయ్ హోటల్ నడిపే అక్క మా కథంతా విని నొసలు కొట్టుకుంది. "గిదానికి ఏడుస్తరా? అయిదిండ్ల జోగు అడుగుండ్రి. సొంత బియ్యం కన్న అమ్మకు గదే ఇష్టం." అత్తమ్మ ముఖం వెలిగింది. కానీ ఆమె లేవలేదు, నన్ను చూసింది. "మొక్కు నీ పేరు మీద ఉన్నది బిడ్డా."

జోగంటే ఇంటింటికీ పోయి అడుక్కోవడమే. నేను నిర్ఘాంతపోయాను. అయినా చున్నీ ఒడిలా పట్టుకుని మొదటి గడప ముందు నిలబడ్డాను. "అమ్మా, జోగు" అని పిలిచాను. నాలుగిళ్లలో దోసెడు దోసెడు పోశారు. అయిదో ఇంట్లో కూలికి బయల్దేరుతున్న ఒకామె డబ్బా బోర్లించి దులిపి పోసింది. "బండి నువ్వే నడుపుకుంట అచ్చినవా? మంచిగ పో, చెల్లె" అంది. అక్కడ ఏడ్చేశాను.

మధ్యాహ్నానికి మాహూర్ చేరి, మెట్లెక్కి బియ్యం పోశాం. అత్తమ్మ ముడుపు విప్పి బిళ్లలు హుండీలో వేసి, గుడ్డ నా చేతిలో పెట్టింది. పసుపు కింద చిన్న చిన్న నీలం పూలు. చెయ్యి విరిగినప్పుడు మెడకు వేలాడదీసి కట్టుకున్న నా పాత చున్నీ ముక్క అది! ఎప్పుడో పారేశాననుకున్నాను. ఆమె ఇన్నాళ్లూ దాచింది. ఆమెకు నా డ్రైవింగ్ మీద నమ్మకం లేక ముడుపు కట్టిందని అది కనబడ్డప్పటి నుంచీ గింజుకున్నదాన్ని, అక్కడ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: డిక్కీ పడకపోతే మూతను బాదకండి, బుడిపెలతో కుస్తీ పట్టకండి. ముందు సామాను జరిపి కొండీ చూడండి. దానికి ఏదైనా కట్టి ఉంటే విసుక్కోకుండా, ఎవరి కోసం కట్టారో అడగండి. తిరుగు దారిలో ఆ గుడ్డను నేనే కట్టాను, ముందు అద్దానికి, అందరికీ కనబడేలా.