గార్డియన్ అన్న గడి

మొన్న ఆదివారం మా అమ్మాయి హాస్టల్ కార్డుకు నా ఫోటో అతికిస్తుంటే, ఆ జిగురు వాసనకు 1996 గుర్తుకొచ్చింది.

అప్పుడు నేను మదనపల్లెలో ఆరో తరగతి. హాస్టల్లో చేర్పించింది మేనమామ కనుక గార్డియన్ కార్డు మీద ఆయన ఫోటోనే ఉండేది. సరిగ్గా నెలకు, ఉదయం పదిన్నరకు, నన్ను ఇంటికి తీసుకుపోవడానికి అమ్మ తంబళ్లపల్లె నుంచి వచ్చింది.

“కార్డులో ఉండే ఆయప్ప వస్తేనే పంపిస్తామమ్మా,” అంది వార్డెన్.

“పాపను కన్నది నేను కదమ్మా.”

“కన్నోళ్లని ఈడ రాయలేదు. గార్డియన్ అని ఉండాది.”

నేను నిర్ఘాంతపోయాను. ఆ ఇంగ్లీషు మాటతో అమ్మ నన్ను మామకు రాసిచ్చేసిందనుకున్నాను. ఆమె చాచిన వేరుశనగ ఉండల పొట్లం అందుకోకుండా లోపలికి వెళ్లిపోయాను.

నాలుగున్నరకు మేడ మీద నుంచి తొంగిచూశాను. అమ్మ గేటు బయట ఎండలో, పొట్లం ఒళ్లో పెట్టుకుని, నా కిటికీ వైపే చూస్తూ కూర్చుని ఉంది. ఆమె వచ్చి అప్పటికి ఆరు గంటలైంది.

మొన్న గార్డియన్ అన్న గడిలో సంతకం పెట్టబోతూ ఆ మాట మళ్లీ చదివాను. గార్డియన్ అంటే కాపు కాసే మనిషి. ఆ రోజు గేటు బయట అమ్మ చేసిందీ ఆ పనే.