పేరు తెగిన మాత్రలు

నిన్న సాయంత్రం అన్నం తినిపిస్తుంటే, దగ్గుతున్న తమ్ముణ్ణి చూసి ఆరేళ్ళ మా అమ్మాయి, "వాడికి పసుపు రంగు బిళ్ళ వెయ్యమ్మా, అత్త అదే వేసుకుంటుంది" అంది. నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

అత్తంటే మా ఆడపడుచు. ఏలూరులో నర్సింగ్ చదువుతూ, సెలవులకి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వస్తుంది. నెమ్మదైన పిల్ల, నా పిల్లలంటే ప్రాణం. అయినా ఆమె అటు స్నానానికి వెళ్ళగానే సంచీ జిప్పు తీసి చూశాను. అడుగున, పేరూ గడువు తేదీ ఉన్న వైపు కత్తిరించేసిన మాత్రల షీటు ముక్కలు.

అవి నాకు కొత్త కాదు. నేనూ ఏలూరులో ఆ చదువే చదివాను. మా హాస్టల్ గదిలో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది; ఎవరికి జ్వరం తగ్గినా మిగిలిన మాత్రలు అందులో పడేవి. ఆకివీడు రూమ్మేటు ఇంటి నుంచి తెచ్చే రొయ్యల పచ్చడి చుట్టూ ఎలా మూగేవాళ్ళమో, తలనొప్పి వస్తే ఆ డబ్బా చుట్టూ అలాగే మూగేవాళ్ళం. రంగూ ఆకారం చూసి ఏ మాత్ర దేనికో చెప్పడం మాకొక ఆట. నర్సులు కాబోయేవాళ్ళం డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే నామోషీ. ఒకసారి పరీక్షల ముందు ఆ రూమ్మేటే పంటినొప్పికని ఒక తెల్ల బిళ్ళ వేసుకుంది. కాసేపటికి పెదవులు ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, ఊపిరాడకపోతే ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. ఏం వేసుకుందని డాక్టరుగారు అడిగితే మాలో ఒక్కరికీ ఆ బిళ్ళ పేరు తెలియదు. బతికి బయటపడి వచ్చాక, "పచ్చడంతా మీకొదిలేసి పోయేదాన్నే!" అని ఆమే నవ్వించింది. డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది.

పిల్లలకేమైనా వేశావా అని ఆడపడుచుని అడిగాను.

"అయ్యో వదినా, పిల్లలకి నేనెందుకు వేస్తానండీ? మీరు మరీ అనుమానం మనిషి!" అని నవ్వేసింది.

నమ్మానన్నాను గానీ, దిండ్ల కింద, గౌను జేబుల్లో వెతుకుతూనే ఉన్నాను. చివరికి అమ్మాయి బొమ్మల గిన్నెలో దొరికింది, పసుపు బిళ్ళ.

"నువ్వు వెయ్యకపోతే నేనే వేద్దామని దాచానమ్మా" అంది.

ఆ మాట వినగానే ఆడపడుచు గదిలోకి వెళ్ళింది. సంచీ తెచ్చి నా ముందు బోర్లించింది. హాస్టల్ రోజుల్లో మాకేమైనా అయితే మాకే అవుతుందన్న ధీమా ఉండేది. నమ్మకం ఎంత తేలిగ్గా ఉండేదో! ఇప్పుడు నా వైద్యం మీద కూడా నాకు అంత నమ్మకం లేదు.

ఈ పొద్దున్న పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను: మందు అత్త ఇచ్చినా, నాన్న ఇచ్చినా, నేనిచ్చినా సరే, పేరేమిటని అడగండి. చెప్పలేకపోతే నోరు తెరవకండి.