మెట్ల పక్క చెమ్మ

మదనపల్లెలో మేం అద్దెకుంటున్నది మేడమీది భాగం. కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉంటుంది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. నా భార్యను అక్కా అంటుంది, నన్ను సార్ అంటుంది. పట్టుపరిశ్రమ శాఖలో ఉద్యోగం చేసి నేను రిటైరై చాలాకాలమైంది. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన డైరీ మాత్రం ఇంకా ఆపలేదు. ఇప్పుడు రాస్తున్న ఈ సంగతులు కూడా అందులో చూసుకుని రాస్తున్నవే. కొన్ని పేజీలు మాత్రం చదవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ ఇంట్లో చేరిన రెండో ఏడు నా భార్య పుంగనూరులో బస్సు దిగుతూ పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పదహారు మెట్లు పైకి మోసుకొచ్చాం. వాకర్ పట్టుకుని నడవడం నేర్చుకోవడానికే నెలలు పట్టింది. కింది వాటాకు మారిపోదామని నేను ఊళ్లో చాలా ఇళ్లు తిరిగి చూశాను. ఎక్కడ చూసినా బాత్రూము గుమ్మంలో జానెడు గట్టు ఉంటుంది, లేకపోతే లోపల నేల దిగుడుగా ఉంటుంది. ఆమె వాకర్ ఆ గట్టు దాటలేదు. మా మేడమీది బాత్రూముకు గట్టు లేదు. గది నేల, దాని నేల దాదాపు ఒకే మట్టం. మంచం దగ్గర నుంచి తొమ్మిది అడుగులు. ఒకరోజు పొద్దున నేను పాలకు వెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. అలా తనంతట తానే వెళ్లింది. ఆ రోజు డైరీలో నేను మరేమీ రాయలేదు, ఆ ఒక్కమాటే రాశాను.

కాబట్టి ఆ బాత్రూములో ఏది చెడినా నాకు గుండె దడ.

ఇంటి అద్దె కాగితంలో చిన్న మరమ్మతులు అద్దెకున్నవాళ్లవి, పెద్ద మరమ్మతులు ఇంటివాళ్లవి అని ఉంది. కొళాయి వాషరు, బకెట్టు కింద పగిలిన నేల బిళ్ల, తలుపు గడియ ఇవన్నీ నేనే చేయించేవాణ్ని. ఇంటామెకు చెప్పను కూడా చెప్పేవాణ్ని కాదు. కుప్పంలో ఉద్యోగం చేసేటప్పుడు పట్టిన అలవాటది. అక్కడి మా ఇంటివాడికి ఏది చెప్పినా ‘సూద్దాం సార్’ అనేవాడు. ఆ చూడటం అయిదేళ్లలో జరగలేదు. చివరికి సొంతంగా సిమెంటు తెచ్చి, నేనే తాపీ పట్టుకుని బాత్రూము మూల పూడ్చుకున్నాను. ఇంటివాళ్లకు చెప్పడం దండగ అన్న అభిప్రాయం అప్పుడే నాలో గట్టిపడింది.

శివరాత్రి దాటిన వారంలో మెట్లు దిగుతూ పక్క గోడ మీద అరచేతి వెడల్పు చెమ్మ చూశాను. సరిగ్గా మా బాత్రూము మూల కింద. పైకి వెళ్లి ఆ మూలలో చెంబుడు నీళ్లు పోసి చూశాను. నీళ్లు తూము మీది జాలీ వైపు పోకుండా బిళ్లల సందులోకి ఇంకిపోతున్నాయి. చెమ్మ విషయంలో నాకు తెలియనిది లేదు. పట్టుపురుగుల షెడ్లలో రోజుకు రెండుసార్లు గాలిలో తేమ కొలిచి రిజిస్టర్లో రాయడమే నా ఉద్యోగం చాలాకాలం. ఇది వాషరుతో పోయే సంగతి కాదని, నేల మొత్తం పగలగొట్టాలని ఆ క్షణమే తెలుసు.

నేల పగలగొడితే నా భార్య ఎక్కడికి పోతుంది?

డైరీలో రాశాను. ‘మెట్ల పక్క గోడకు చెమ్మ. అరచేయంత.’ తర్వాతి వారం ‘పళ్లెమంత’ అని రాశాను. ఆ తర్వాత స్కేలు పెట్టి కొలిచి అడుగున్నర అని రాశాను. షెడ్డులో తేమ ఎంతుందో రాసి సంతకం పెడితే నా పని అయిపోయేది, దాన్ని చూసి చేయాల్సింది పై అధికారి చేసేవాడు. అన్నేళ్ల అలవాటు. రాసి పెన్ను మూత పెట్టగానే నా వంతు తీరినట్టు అనిపించేది. నా డైరీని చూసి చేసే పై అధికారి ఎవరూ లేరన్నది తట్టలేదు. తట్టనివ్వలేదేమో. మెట్లెక్కే పనిలేని ఇంటామెకు ఆ గోడ కనిపించదు. వీధి గుమ్మంలో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. టమోటా ధర గురించి, ఎండల గురించి, ఆమె మోకాలి గురించి. గోడ గురించి తప్ప అన్నీ.

ఉగాది ముందు ఇంటామె పుట్టింటి నుంచి, పెద్దపంజాణి వైపు నుంచి, ఏడాదికి సరిపడా చింతపండు వచ్చింది. కూర్చుని గింజ తీసి, ఉప్పు కలిపి, కుండలకెత్తి వంటింటి అటక మీద పెట్టుకుంది. ఆ అటక మా బాత్రూము కిందే. పండగ అయిన నెలకు ఒకరోజు పొద్దున ఆమె మెట్లెక్కి మా గుమ్మంలో నిలబడింది. ఆయాసపడుతోంది. చేతిలో చిన్న గిన్నె. అందులో చింతపండు నల్లగా, బూజు పట్టి, నీళ్లోడుతోంది.

“సార్, పైనుంచి నీళ్లు కారతాండాయి. అటక మింద రెండు కుండలు పోయినాయి. ఇది ఎప్పుట్నించి ఉండాదో మీకేమన్నా తెలుసునా?”

తెలియదు అంటే నమ్మేది. అంత మామూలుగా అడిగింది. కాని ఇన్నేళ్లుగా ఏ రోజు ఏం జరిగిందో రాసుకుంటూ వచ్చినవాణ్ని, ఆ ప్రశ్నకు తెలియదు అనలేకపోయాను. లోపలికెళ్లి డైరీ తెచ్చి ఆ పేజీలు చూపించాను. ఆమె కళ్లజోడు తెచ్చుకోలేదు. నన్నే చదవమంది. అరచేయంత, పళ్లెమంత, అడుగున్నర, అన్నీ చదివాను.

ఆమె కాసేపు గిన్నెలోకే చూసింది.

“రాసుకున్యారు. సరే సార్. మీరు రాసుకుంటే నాకెట్ల తెలస్తాది?”

కోపంగా అనలేదు. నిజంగా నన్నడిగినట్టే అడిగింది. మంచం మీద కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్న నా భార్య తల దించుకుంది. ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

పుంగనూరు నుంచి మేస్త్రీ వచ్చాడు. ఇంటామెకు దూరపు బంధువు, ఆమెను సిన్నమ్మా అంటాడు. మూలలో సుత్తితో తట్టి, డొల్ల శబ్దం విని, తల ఊపాడు. బిళ్లలన్నీ లేపాలన్నాడు, పైపు మార్చాలన్నాడు, స్లాబు మీద నీళ్లు దిగని పూత వేసి మళ్లీ నేల కట్టాలన్నాడు. రెండు రోజులు లోపల నీళ్లు నిలబెట్టి కింద చుక్క పడకుంటేనే పని అయినట్టు. మొత్తం పన్నెండు రోజులు కాలు పెట్టకూడదు. చివర్లో గుమ్మం వైపు చూసి అన్నాడు.

“గట్టు లేకుండా ఎవురు కట్టినారో గానీ ఇది. ఈసారి జానెడు గట్టు కట్టేస్తా సిన్నమ్మా. నీ ఇంటికి మళ్లా నీళ్లు రావు.”

ఇంటామె సరే అంది. ఇల్లు ఆమెది, పాడైనది ఆమె వంటిల్లు. ఇంత దూరం తెచ్చింది నేను. గట్టు వద్దు అని అడిగే మొహం నాకు లేకపోయింది. నా భార్య వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పన్నెండు రోజులకు నా భార్యను కుప్పంలో ఆమె చెల్లెలింటికి పంపుదామనుకున్నాను. అంత దూరం కారులో కూర్చోలేదేమోనని భయం. ఇంటామె ఆ మాట వినగానే కొట్టిపారేసింది. “అక్క నాకాడ ఉంటాది. ఈడ కింద ఉండాక కుప్పం యాల?” అంది. మేస్త్రీ, అతనితో వచ్చిన కూలీ కలిసి నా భార్యను కుర్చీలో కిందికి దించారు. నేను పైన, ఆమె కింద. పెళ్లయ్యాక ఒకే ఇంట్లో వేరువేరుగా ఉండటం అదే మొదటిసారి. పూటపూటకూ కిందికెళ్లి అన్నం తిని వచ్చేవాణ్ని.

కింద బాత్రూము పెరట్లో ఉంది, రెండు మెట్లు దిగాలి. రోజూ ఇంటామే పట్టుకుని తీసుకెళ్లేది. రాగి అండాలో చింత పుల్లలతో నీళ్లు కాచేది. శుక్రవారం నూనె రాసి సీకాయతో తల రుద్దింది. నా భార్య అన్నిటికీ తలూపింది. తిండి మాత్రం తగ్గించేసింది. మంచినీళ్లు కూడా అడక్కుండా ఉండేది. అది ఎందుకో నాకు తెలుసు, బాత్రూముకు పట్టుకుని తీసుకెళ్లమని అడిగే పని తగ్గుతుందని. ఆపరేషన్ అయిన కొత్తలో కూడా అంతే చేసింది.

నాలుగో రోజు పదిగంటల వేళ మేస్త్రీ, కూలీ టిఫిన్‌కు వెళ్లారు. ఎంతవరకు పగలగొట్టారో చూద్దామని నేను బాత్రూములోకి వెళ్లాను. పాత పైపు తీసేసిన చోట స్లాబులో పిడికిలి పట్టేంత కంత. దాని కింద వంటిల్లు. మాటలు పైకి స్పష్టంగా వస్తున్నాయి. వెనక్కి రావాల్సింది, రాలేదు.

“సెమ్మ సంగతి నీకు ముందే తెలుసునా అక్కా?” ఇంటామె గొంతు.

“తెలీదు. ఆయన చెప్పలేదు. తెలిసింటే నేనూ చెప్పనిచ్చేదాన్ని కాదేమో.”

“యాల? నేనేమన్నా మిమ్మల్ని ఖాళీ చేయమంటానా?”

“దానికి కాదమ్మా. ఆపరేషన్ అయినాక నాలుగు నెల్లు ఆయనే నన్ను పట్టుకుని తీసకపోయేవాడు. ఒక్కరోజు ఇసుక్కోలేదు. ఇసుక్కున్నా బాగుండు అనిపించేది నాకు. ఈ బాత్రూముకు గట్టు లేదు కాబట్టి నేనొక్కదాన్నే పోగలిగినా. ఇప్పుడు గట్టొస్తే మళ్లా ఆయన పట్టుకోవాల. ఇంక ఆశ ఇడిసిపెట్టినా.”

గరిటె తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“మేస్త్రీ చెప్పినప్పుడు నోరిప్పి అడగొచ్చు గదక్కా.”

“తప్పు మాదమ్మా. ఏం మొకం పెట్టుకుని అడిగేది?”

“బాగుండారు మొగుడూ పెండ్లాము. ఆయన రాసుకుంటాడు, నువ్వు మింగుకుంటావు. నేను మాత్రం నోట్లో మాట నోట్లో ఉంచుకోలేను.”

నేను పైపు కంత పక్కన, పగిలిన సిమెంటు పెళ్లల మధ్య కూర్చుండిపోయాను. ఆ చెమ్మను నేను దాచింది నా భార్య కోసమే అనుకున్నాను. ఆమె మనసులో ఉన్నది అంత సూటిగా నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కాగితంలో కొళాయి ఎవరిది, గోడ ఎవరిది అని రాసుకున్నాం. చెడింది కనబడిన రోజునే చెప్పాలని, ఏం కావాలో నోరు తెరిచి అడగాలని అందులో రాయలేదు. రాసినా, సంతకం పెట్టి బీరువాలో పెట్టేవాణ్నే నేను.

మేస్త్రీ వచ్చేసరికి ఇంటామె మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. గట్టు వద్దంది.

“నీళ్లు రూములోకి వస్తాయి. మళ్లా నన్ననొద్దు సిన్నమ్మా.”

“వాటం ఎక్కువియ్యి. నీళ్లు జాలీ తట్టు పోవాల.”

నేలకు ఇచ్చే ఆ వాలు ఎక్కువైతే వాకర్ ఒరిగిపోతుందని అతనే అన్నాడు. గడ్డం గీక్కుంటూ ఆలోచించాడు. పైపు మార్చి, పూత వేసి ఆరాక, కిందికెళ్లి వాకర్ అడిగి తెచ్చాడు. బిళ్లలు ఊరికే పరిచి దాని మీద వాకర్ నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూశాడు. చెంబుతో నీళ్లు పోసి ఎటు పోతాయో చూశాడు. తీసి, మళ్లీ పరిచాడు. ఆ ఒక్క పనికే పూటంతా పట్టింది. గుమ్మం దగ్గర మాత్రం గట్టుకు బదులు వేలి మందం వాలు పెట్టాడు. “ఇట్లాంటిది నేనెప్పుడూ సేయలేదు” అని విసుక్కున్నాడు గానీ, రెండు మూడుసార్లు వెనక్కి నిలబడి తన పని తానే చూసుకున్నాడు.

గోడలకు మేకు కొట్టరాదని ఇంటి కాగితంలో ఉంది. ఇంటామే మూడుచోట్ల పట్టుకునే కడ్డీలు బిగించమంది. ఎంత ఎత్తులో అన్నది ఎవరికీ తెలియలేదు. కింద వంటింటి గోడకు నా భార్యను నిలబెట్టి, చెయ్యి హాయిగా ఆనేచోట ఇంటామె బొగ్గుతో గీత గీసింది. నేను టేపు పెట్టి కొలిచి, పైకి వెళ్లి మేస్త్రీకి చెప్పాను. ఆ పన్నెండు రోజుల్లో నా వల్ల జరిగిన ఉపకారం అదొక్కటే.

గుమ్మానికి అడ్డంగా మట్టికట్ట వేసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టాం. గంటకోసారి ఇంటామె అటక కింద నిలబడి మెడ పైకెత్తి చూసేది, నేను కూడా వెళ్లి చూసేవాణ్ని. చుక్క పడలేదు. పాడైన రెండు కుండల గురించి మాటెత్తబోతే, “మిగిలింది సాల్లే సార్. ఒక్కదానికి ఎంత కావాల” అని ఆపేసింది.

నా భార్యను మళ్లీ కుర్చీలో పైకి తెచ్చాం. ఇంటామె వెనకే వచ్చింది. నా భార్య మంచం మీద కాసేపు కూర్చుని, కాళ్లు నిమురుకుని, వాకర్ దగ్గరికి లాక్కుంది. నేను చెయ్యి చాపబోయి ఆగాను. తొమ్మిది అడుగులు. గుమ్మం దగ్గర వాకర్ ఒక్కక్షణం నిలబడింది. ముందరి కాళ్లు దాటాయి, వెనక కాళ్లు దాటాయి. తలుపు మూసుకుంది.

మేమిద్దరం తలుపు బయట నిలబడ్డాం. నాలుగు రబ్బరు కాళ్ల చప్పుడు వింటున్నాం. ఒక అడుగు, మరో అడుగు. కడ్డీ పట్టుకున్నట్టుంది, కొద్దిగా లోహం చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఇంటామె నా వైపు చూసింది. నేను తలుపు వైపు చూశాను.

“ఇద్దరూ ఆడే నిలబడుండారా?” లోపల నుంచి నా భార్య గొంతు.

మేం ఒక అడుగు వెనక్కి వేశాం.

“పోండి. పోయి కాఫీ పెట్టుకోండి. నాకు టైము పడతాది.”

మా వంటింట్లోకి వెళ్లాం. ఇంటామె పాలు పొయ్యి మీద పెట్టింది. లోపల చెంబు బకెట్లో మునిగిన చప్పుడు, నీళ్లు పోసుకున్న చప్పుడు, మళ్లీ చెంబు. నా భార్య తీరిగ్గా, చాలాసేపు స్నానం చేసింది. ఆమె బయటికి వచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి ముగ్గురం తాగాం.